పెదవి చీలిన మహావక్త: హజ్రత్ సుహైల్ బిన్ అమ్ర్ (రజి)

హిజ్రీ 2వ సంవత్సరం (క్రీ.శ. 624), రమజాన్ మాసం. బద్ర్ సంగ్రామం ముగిసింది. మక్కా ఖురైషులలో దాదాపు 70 మంది హతులయ్యారు. మరో 70 మంది ముస్లిముల చేతికి బందీలుగా చిక్కారు. ఆ బందీలలో ఒకాయనను చేతులు మెడకు కట్టి మదీనాకు తీసుకువచ్చారు. ఆయన సామాన్యుడు కాడు. ఖురైషులలో బనూ ఆమిర్ వంశానికి పెద్ద. పేరు సుహైల్ బిన్ అమ్ర్. అబూ యజీద్ అని కూడా పిలిచేవారు. ఖతీబె ఖురైష్, అంటే ఖురైషుల మహావక్త అని ఆయనకు పేరు. ఇస్లాంకు వ్యతిరేకంగా జనాన్ని రెచ్చగొట్టడంలో ఆయన నాలుక చేసిన పని ఎన్నో కత్తులు చేసిన పనితో సమానం.

అటువంటి మనిషి చేతికి చిక్కాడు. హజ్రత్ ఉమర్ (రజి) దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చి ఒక అనుమతి కోరారు. సుహైల్ ముందరి పళ్లు రెండూ పీకేస్తాననీ, దాంతో అతని నాలుక బయటికి వేలాడుతుందనీ, ఇక ఎన్నడూ ఎక్కడా నిలబడి తమకు వ్యతిరేకంగా ప్రసంగించలేడనీ విన్నవించుకున్నారు.

ఈ సంఘటన మన ఇళ్లలో చాలామంది విన్నదే. జుమా ప్రసంగాల్లోనూ వస్తుంటుంది. కానీ ఒక ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు. శత్రువు నోరు మూయించాలనుకున్న ఉమర్ (రజి) దృష్టి పళ్ల మీదికే ఎందుకు వెళ్లింది? రెండు పళ్లు పోతే మాట పోతుందా? మన పెద్దవాళ్లు ఎందరో పళ్లూడిపోయినా చక్కగా మాట్లాడుతూనే ఉన్నారు కదా!

జవాబు సీరత్ గ్రంథాల్లోనే ఉంది. సుహైల్ పెదవి చీలి ఉండేది. అరబీ భాషలో పెదవి చీలినవారిని అఅలమ్ అంటారు. కింది పెదవి చీలితే అఫ్లహ్ అని మరో మాట కూడా ఉంది. అజ్ఞాన కాలపు ప్రఖ్యాత కవి అంతరాకు అల్ ఫల్‌హా అనే పేరు వచ్చింది ఇందువల్లే. సుహైల్ చీలిక కింది పెదవికి అని ఇబ్నె హిషామ్ సీరత్‌లో ఉంది. బస్రా పండితుడు జాహిజ్ (మరణం క్రీ.శ. 868) కూడా అదే రాసి, ఉమర్ (రజి) పీకుతానన్నది కింది ముందరి పళ్లు రెండింటినని వివరించాడు.

ఇప్పుడు విషయం బోధపడుతుంది. నాలుకకు ముందు రెండు గోడలుంటాయి. ఒకటి పళ్లు, రెండోది పెదవి. సుహైల్‌కు రెండో గోడ ముందే బీటలు వారి ఉంది. ఆయన మహావక్తృత్వమంతా మొదటి గోడ మీదే నిలబడి ఉంది. అది కూడా పడిపోతే నాలుకకు ఆనుకునే చోటు ఉండదు. ఉమర్ (రజి) వైద్యులు కారు. కానీ ఆయన చూపు సరిగ్గా ఆ కీలకం మీదే పడింది.

పళ్లకూ మాటకూ ఉన్న ఈ సంబంధం గురించి అరబ్బులకు బాగా తెలుసు. వక్తృత్వం మీద జాహిజ్ రాసిన గ్రంథంలో ఇటువంటి ముచ్చట్లు చాలా ఉన్నాయి. హజ్రత్ ముఆవియా (రజి) ముందరి పళ్లు రాలిపోయాక సభలో మింబర్ మీద ప్రసంగించలేదని రాశాడు. జుమహ్ వంశీయుడు ఒకరు నికాహ్ సభలో మంచి భావాలతో ప్రసంగించారట. కానీ ముందరి పళ్లు లేని చోటు నుంచి మాటతోపాటు ఈల వచ్చేది. తర్వాత హజ్రత్ హుసైన్ (రజి) మనుమడు జైద్ బిన్ అలీ లేచి అంతే చక్కగా మాట్లాడారు. భావంలో ఇద్దరూ సమానమే. ఈల లేనందువల్ల జైద్ ప్రసంగానికే మెప్పు వచ్చిందని జాహిజ్ అంటాడు.

ఇక ఉమర్ (రజి) కోరికకు దైవప్రవక్త (స) ఏమని బదులిచ్చారు? తాను ఎవరినీ అంగవిహీనుణ్ణి చేయననీ, అలా చేస్తే తాను ప్రవక్త అయినప్పటికీ అల్లాహ్ తనకూ అదే గతి పట్టించవచ్చనీ అన్నారు. అంతేకాదు, ఈ సుహైలే ఒకనాడు ఉమర్ కూడా తప్పుపట్టలేని విధంగా నిలబడవచ్చని చెప్పారు. ఉమర్ (రజి) మారు మాట్లాడలేదు. పళ్లు నిలిచాయి.

ఆ రోజుల్లోనే మరో సంగతి జరిగింది. విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ సౌదా (రజి) బయటి నుంచి ఇంటికి వచ్చేసరికి గదిలో ఒక మూల సుహైల్ కట్టుబడి కనిపించారు. సౌదా (రజి) మొదటి భర్త సక్రాన్ (రజి) సుహైల్‌కు స్వయానా తమ్ముడో అన్నో, మొత్తానికి తోబుట్టువు. ఒకప్పటి ఇంటి పెద్ద అలా చేతులు మెడకు కట్టి ఉండటం చూసి ఆమె మనసు ఆగలేదు. ఇలా లొంగిపోయే బదులు గౌరవంగా చనిపోకూడదా అని నోరు జారారు. దైవప్రవక్త (స) అది విని మందలించారు. ఆమె వెంటనే పశ్చాత్తాపపడి, ఆ దృశ్యం చూసి తట్టుకోలేక అలా అనేశానని చెప్పుకున్నారు. ఆ తర్వాత మిక్రజ్ బిన్ హఫ్స్ అనే వ్యక్తి మక్కా నుంచి వచ్చి, పరిహారం సొమ్ము అందేదాకా సుహైల్ బదులు తాను బందీగా ఉండి ఆయనను విడిపించాడు.

ఆ పళ్ల విలువ

సుహైల్ గాథను ఇక్కడ కాసేపు ఆపి మన ఇళ్లలోకి ఒకసారి చూద్దాం. పెదవి చీలికతోనో, అంగిలి చీలికతోనో, రెండింటితోనో పుట్టే పిల్లలు అరుదేమీ కాదు. ప్రపంచం మొత్తం మీద సుమారు 700 జననాలకు ఒకరు ఇలా పుడుతున్నారని అంచనా. వీరిలో అత్యధికులకు చీలేది పై పెదవే. సుహైల్‌కు ఉన్నట్టు కింది పెదవి చీలడం చాలా అరుదు. తెలుగులో దీన్ని గ్రహణం మొర్రి అంటున్నాం. ఆ పేరులోనే ఒక అపవాదు ఉంది. గ్రహణం వేళ తల్లి బయటికి వచ్చిందనో, కత్తిపీట ముట్టుకుందనో ఆమె మీదికి నేరం నెట్టేస్తారు. ముస్లిం కుటుంబాలు కూడా ఈ మాట అనడం మాకు విడ్డూరంగా తోస్తుంది. హిజ్రీ 10వ సంవత్సరంలో (క్రీ.శ. 632) దైవప్రవక్త (స) చిన్నారి కుమారుడు ఇబ్రాహీం చనిపోయిన రోజే సూర్యగ్రహణం పట్టింది. ఆ బిడ్డ మరణం వల్లే గ్రహణం పట్టిందని జనం అనుకున్నారు. పుత్రశోకంలో ఉండి కూడా ఆయన ఆ మాటను సాగనివ్వలేదు. సూర్యచంద్రులు అల్లాహ్ సూచనలనీ, ఎవరి చావు పుట్టుకల కోసమూ వాటికి గ్రహణం పట్టదనీ ప్రకటించారు. అటువంటి ప్రవక్త అనుచరుల ఇళ్లలో కోడలిని గ్రహణం పేరుతో దెప్పిపొడవటమా!

తల్లి గర్భంలో రెండో నెలలో బిడ్డ పై పెదవి రెండు పక్కల నుంచి వచ్చి కలుసుకుంటుంది. మూడో నెల మొదలయ్యే రోజులకు అంగిలి కూడా కలుస్తుంది. ఆ కలయిక పూర్తికాకపోతే చీలిక మిగిలిపోతుంది. వంశపారంపర్యం, తొలి వారాల్లో వాడిన కొన్ని మందులు, పొగతాగడం వంటివి కారణాలలో కొన్ని. దగ్గరి రక్తసంబంధీకుల మధ్య పెళ్లిళ్ల పాత్ర కూడా ఉన్నట్టు పరిశీలనల్లో తేలింది. చాలామందిలో ఫలానా కారణమని వేలెత్తి చూపడానికి ఏమీ ఉండదు.

బిడ్డకు 3 నుంచి 6 నెలల మధ్య పెదవి కుడతారు. ఏడాది అటూ ఇటూగా, ఏడాదిన్నర లోపు అంగిలి మూస్తారు. కుట్లు విప్పాక అద్దంలాంటి ముఖం చూసి ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. షుక్రానా నమాజు చేస్తారు, మిఠాయిలు పంచుతారు. అంతటితో పని అయిపోయిందనుకుంటారు. అసలు చిక్కు అక్కడే ఉంది. చీలిక చాలాసార్లు పెదవితో ఆగదు. పై చిగురు ఎముకను కూడా చీల్చుకుంటూ లోపలికి వెళుతుంది. పళ్లు మొలిచేది ఆ ఎముకలోంచే.

అందువల్ల ఈ పిల్లల పళ్ల తీరు వేరుగా ఉంటుంది. ముందరి రెండు పెద్ద పళ్లకు పక్కనుండే చిన్న పన్ను చీలిక ఉన్నవైపు మొలవకపోవచ్చు. మొలిచినా మేకులా సన్నగా ఉండవచ్చు. కొందరిలో అక్కడ ఒకటికి రెండు వస్తాయి. ముందరి పన్ను మెలి తిరిగి వస్తుంది, లేదా వరుస తప్పి అంగిలిలో మొలుస్తుంది. పంటి మీది గట్టి పింగాణీ పొర సరిగ్గా ఏర్పడక పచ్చగా, గరుకుగా ఉంటుంది. అటువంటి పళ్లు త్వరగా పుచ్చిపోతాయి. కుట్టిన పెదవి బిగుతుగా ఉండటం వల్ల బ్రష్ లోపలికి పోదు. ఆపరేషన్ జరిగిన చోటు కదా, తగిలితే ఏమవుతుందో అని తల్లి ముట్టుకోవడానికే జంకుతుంది. పైగా ఈ పిల్లలు పాలు తాగడానికి చాలాసేపు తీసుకుంటారు. కడుపు నిండలేదన్న బెంగతో రాత్రంతా చక్కెర పాల సీసా నోట్లో ఉంచేస్తారు. మూడేళ్లు నిండకుండానే ముందరి పళ్లు నల్లబడి పిప్పిపళ్లయిపోతాయి. పాలపళ్లే కదా, ఊడిపోయేవే కదా అని ఇంట్లో పెద్దలు సర్దిచెబుతారు. ఆ మాట ఈ పిల్లల విషయంలో ఎంత నష్టం చేస్తుందో చెప్పలేం.

ఎందుకంటే చీలిక పక్కన పన్ను ఉన్నంతకాలమే దాని చుట్టూ ఉన్న పలుచని ఎముక నిలుస్తుంది. పన్ను పోతే ఎముక కరుగుతుంది. ఎనిమిదేళ్ల నుంచి పదకొండేళ్ల మధ్య, కోరపన్ను దిగకముందే, తుంటి ఎముక నుంచి కొద్దిగా తీసి చిగురులోని ఆ ఖాళీలో నింపే ఆపరేషన్ చేస్తారు. కోరపన్ను ఆ కొత్త ఎముకలోంచి దిగుతుంది. అప్పటికి చుట్టుపక్కల పళ్లు పుచ్చి, చిగుళ్లు వాచి ఉంటే ఆ పని సాఫీగా సాగదు. కనుక వంకరగా ఉంది, చూడటానికి బాగోలేదు అని ఆ పన్నును ఎక్కడో ఒకచోట పీకించేయడం తగదు. పీకాలా, ఉంచాలా, ఎప్పుడు అన్నది చీలిక చికిత్స చేసే సర్జన్, పళ్ల డాక్టరు కలిసి తేల్చవలసిన సంగతి.

ఆ తర్వాత కూడా పని ఉంటుంది. అంగిలి ఆపరేషన్ మచ్చ బిగువు వల్ల పై దవడ ఇరుకుగా, వెనక్కి ఉండిపోతుంది. కింది పళ్లు పైవాటి కంటే ముందుకు వస్తాయి. పళ్లకు తీగలు వేసి వరుస సరిచేస్తారు. కొందరికి ఎదుగుదల పూర్తయ్యాక, పదహారు పద్దెనిమిదేళ్లు దాటాక, దవడ ఆపరేషన్ అవసరపడుతుంది. ఇదంతా ఒక్కనాటి పని కాదు. అయితే దీనికి పునాది మాత్రం ఇంట్లోనే పడుతుంది. మొదటి పన్ను కనిపించిన రోజు నుంచి చిన్న మెత్తని బ్రష్‌తో రోజుకు రెండుసార్లు తోమాలి. మూడేళ్ల లోపు బియ్యపు గింజంత ఫ్లోరైడ్ పేస్టు చాలు. పెదవిని వేలితో మెల్లగా పైకెత్తి తోమితే కుట్లు మానిన చోటుకు ఏమీ కాదు. పడుకునేటప్పుడు నోట్లో పాలసీసా ఉంచకూడదు. మొదటి పుట్టినరోజు నాటికి ఒకసారి పళ్ల డాక్టరుకు చూపించాలి. స్థోమత లేదని వెనుకాడవలసిన పని లేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో గుర్తించవలసిన జన్మలోపాల జాబితాలో పెదవి, అంగిలి చీలికలు ఉన్నాయి. హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ ప్రభుత్వ దంత వైద్య కళాశాలలున్నాయి.

మక్తబ్‌లో ఖాయిదా చదివే పిల్లల సంగతి కూడా చెప్పుకోవాలి. అక్షరాల మఖ్రజ్ నేర్పేటప్పుడు ఉస్తాద్‌లు సనాయా అనే మాట వాడతారు. ముందరి పళ్లని అర్థం. సే, జాల్, జో అనే మూడు అక్షరాలు నాలుక కొస పై ముందరి పళ్ల అంచుకు తగిలితేనే పలుకుతాయి. ఫే పలకాలంటే ఆ పళ్ల అంచు కింది పెదవిని తాకాలి. బే, మీమ్‌లకు రెండు పెదవులూ కలవాలి. తెలుగు బడిలో దంత్యాలు, ఓష్ఠ్యాలు అని నేర్పేదీ ఇదే లెక్క. పన్ను లేనిచోట గాలి జారిపోతుంది. అంగిలి సరిగ్గా మూసుకోకపోతే మాట ముక్కులోంచి వస్తుంది. అటువంటి బిడ్డ తప్పు పలికితే అది బద్ధకం కాదు. బెత్తంతో సరయ్యేదీ కాదు. కొన్నిటిని పళ్ల చికిత్స సరిచేస్తుంది, కొన్నిటిని మాట నేర్పే నిపుణులు సరిచేస్తారు. ఖుర్ఆన్‌ను తడబడుతూ, కష్టపడుతూ పఠించేవారికి రెండింతల పుణ్యం ఉందని హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించిన హదీసు ఉండనే ఉంది. తోటి పిల్లలు నవ్వినప్పుడు ఉస్తాద్ ఈ హదీసు ఒకసారి వినిపిస్తే చాలు.

ఇంట్లోనే ఇస్లాం

మళ్లీ సుహైల్ దగ్గరికి వద్దాం. ఆయన గాథలో విచిత్రమేమిటంటే, బయట ఇస్లాంకు వ్యతిరేకంగా గర్జించే ఆ మనిషి ఇంట్లోనే ఇస్లాం ముందుగా అడుగుపెట్టింది. సోదరులు సక్రాన్, సలీత్, హాతిబ్ (రజి) తొలినాళ్లలోనే విశ్వసించారు. కూతురు సహ్లా (రజి) భర్త అబూ హుజైఫా (రజి)తో కలిసి అబిసీనియాకు వలసపోయారు. మరో కూతురు ఉమ్మె కుల్సూమ్ (రజి) కూడా అంతే. కొడుకు అబ్దుల్లాహ్ (రజి) తిరిగి వస్తే ఆయన పట్టుకుని నిర్బంధించాడు. అబ్దుల్లాహ్ పైకి తండ్రి మాట విన్నట్టు నటించి, బద్ర్‌కు ఖురైష్ సైన్యంతోనే బయలుదేరి, అక్కడ రెండు సేనలూ ఎదురుపడగానే ముస్లిముల పక్షానికి వెళ్లిపోయారు. చిన్న కొడుకు అబూ జందల్ (రజి)కి తండ్రి ఏకంగా సంకెళ్లే వేయించాడు. తాయిఫ్ నుంచి గాయాలతో తిరిగివస్తున్న దైవప్రవక్త (స) మక్కా ప్రవేశానికి రక్షణ అడిగినవారిలో సుహైల్ ఒకడు. తన వంశానికి ఆ అధికారం లేదని చెప్పి తప్పించుకున్నాడు.

హిజ్రీ 6లో (క్రీ.శ. 628) హుదైబియా దగ్గర ఒడంబడికకు ఖురైషులు పంపింది ఇతణ్ణే. దూరాన సుహైల్ రావడం చూసి దైవప్రవక్త (స) పని సులువైందని అన్నారు. సుహైల్ అనే పేరులోనే సులువు అనే అర్థం ఉంది. కానీ కూర్చున్నాక సుహైల్ ఏదీ సులువుగా వదల్లేదు. హజ్రత్ అలీ (రజి) రాస్తున్న పత్రంలో రహ్మాన్, రహీమ్ అనే పేర్లు ఉండకూడదన్నాడు. దైవసందేశహరుడు అనే మాట తీసేయమన్నాడు, దాన్ని ఒప్పుకుంటే ఇక గొడవే లేదు కదా అన్నాడు. పదేళ్ల సంధి, ఆ ఏడాది ఉమ్రా చేయకుండానే వెనుదిరగడం, మక్కా నుంచి పారిపోయి వచ్చినవారిని తిప్పి పంపడం... ఒక్కొక్క షరతూ ముస్లిముల గుండెలకు ముల్లులా గుచ్చుకుంది. బద్ర్ నాడు ఉండనిచ్చిన ఆ పళ్ల వెనకనుంచే ఈ మాటలన్నీ వచ్చాయి. అంతలో అబూ జందల్ (రజి) సంకెళ్లు ఈడ్చుకుంటూ అక్కడికి వచ్చిపడ్డారు. తండ్రి లేచి కన్నకొడుకు ముఖం మీద కొట్టి, షరతు ప్రకారం మొదట వీణ్ణే అప్పగించమన్నాడు. దైవప్రవక్త (స) అబూ జందల్‌ను ఓర్పు వహించమని ఓదార్చి పంపేశారు. అప్పుడు అక్కడున్న ఉమర్ (రజి) మనసులో ఏముండి ఉంటుందో పాఠకులే ఊహించుకోవాలి.

హిజ్రీ 8లో (క్రీ.శ. 630) మక్కా జయింపబడింది. సుహైల్ ఇంట్లోకి దూరి తలుపు గడియ పెట్టుకున్నాడు. తన వంటి అపరాధి మరొకడు లేడనుకున్నాడు. ఏ కొడుకునైతే నిర్బంధించాడో ఆ అబ్దుల్లాహ్ (రజి)నే బతిమాలి అభయం కోసం పంపాడు. దైవప్రవక్త (స) అభయం ఇచ్చారు. ఇంకా ఒక మాట చెప్పారు. సుహైల్ ఎదురుపడితే ఎవరూ అతనివైపు గుడ్లురిమి చూడవద్దని, అతను తెలివీ గౌరవమూ గలవాడని, అటువంటివాడు ఇస్లాంను ఎంతోకాలం తెలుసుకోకుండా ఉండడని సహచరులకు తాకీదు చేశారు. ఆ మాట కొడుకు ద్వారా విన్న సుహైల్, చిన్నప్పుడూ పెద్దయ్యాకా కూడా ఆయన మంచివాడేనని ఒప్పుకున్నాడు. తర్వాత హునైన్‌కు విశ్వసించకుండానే వెంట వెళ్లి, జిఇర్రానా దగ్గర ఇస్లాం స్వీకరించారు. ఆ సందర్భంలో ఆయనకు 100 ఒంటెలు దక్కాయి.

ఒంటెల కోసం చేరాడని అనుకునేవారు అనుకున్నారు. కానీ మక్కా జయం నాడు విశ్వసించిన ఖురైష్ పెద్దలలో నమాజుకూ, ఉపవాసాలకూ, దానానికీ ఇంతగా అంకితమైనవారు లేరని చరిత్రకారులు రాశారు. ఉపవాసాలతో ఆయన ఒళ్లు చిక్కి రంగు మారిపోయింది. ఖుర్ఆన్ వింటే కన్నీళ్లు ఆగేవి కావు. వయసులో ఎంతో చిన్నవారైన హజ్రత్ ముఆజ్ బిన్ జబల్ (రజి) దగ్గరికి రోజూ వెళ్లి ఖుర్ఆన్ నేర్చుకునేవారు. మన ఖురైషులలో ఎవరూ దొరకలేదా, ఆ ఖజ్రజ్ వాడి దగ్గరికి పోవాలా అని ఒకరు ఎత్తిపొడిచారు. ఇటువంటి కులాభిమానమే తమను వెనకబడేసిందని ఆయన బదులిచ్చారు. చీలిన పెదవితో అరేబియా మహావక్త అనిపించుకున్న ఆయన, ఇప్పుడు ఒక యువకుడి ముందు శిష్యుడిగా కూర్చుని అక్షరం అక్షరం అప్పజెబుతున్న ఆ దృశ్యం మాకు హుదైబియా కంటే పెద్దదిగా కనిపిస్తుంది.

ఉమర్ తప్పుపట్టలేని రోజు

హిజ్రీ 11లో (క్రీ.శ. 632) దైవప్రవక్త (స) పరమపదించారు. వార్త చేరగానే మక్కా కంపించిపోయింది. అనేకులు ఇస్లాంను విడిచిపోయే ఆలోచనలో పడ్డారు. నగర పాలకుడు అత్తాబ్ బిన్ ఉసైద్ (రజి) భయంతో అజ్ఞాతంలోకి వెళ్లిపోయారు. ఆ సమయంలో కాబా దగ్గర ఒక మనిషి లేచి నిలబడ్డాడు. ఆయనే సుహైల్ (రజి). అటు మదీనాలో హజ్రత్ అబూ బకర్ (రజి) చెప్పిన మాటలే, వాటిని విననట్టయినా, ఇటు మక్కాలో ఆయన నోట వచ్చాయి. ముహమ్మద్ (స)ను ఆరాధించేవారుంటే ఆయన చనిపోయారని, అల్లాహ్‌ను ఆరాధించేవారికి మాత్రం అల్లాహ్ సజీవుడని చెప్పారు. అందరికంటే ఆఖరున ఇస్లాంలోకి వచ్చి అందరికంటే ముందు బయటికిపోయే జనంగా మిగలవద్దని ఖురైషులను హెచ్చరించారు. సూర్యచంద్రుల వెలుగు సాగినంత మేర ఈ ధర్మం సాగుతుందన్నారు. జనం సద్దుమణిగారు. అత్తాబ్ (రజి) బయటికి వచ్చారు. మక్కా నిలబడింది.

ఈ వార్త మదీనాలో ఉమర్ (రజి) చెవిన పడింది. బద్ర్ బందీల మధ్య తాను అడిగిన అనుమతీ, దానికి దైవప్రవక్త (స) ఇచ్చిన జవాబూ ఆయనకు గుర్తుకు వచ్చాయి. ఆ మాట నిజమైందని ఆయన సాక్ష్యమిచ్చారు. ఎనిమిదేళ్ల కిందట ఆ రెండు పళ్లు పీకి ఉంటే ఆ రోజు కాబా ముందు ఆ గొంతు ఉండేది కాదు.

ఆ మరుసటి ఏడు యమామా యుద్ధంలో కొడుకు అబ్దుల్లాహ్ (రజి) అమరులయ్యారు. ఉమర్ (రజి) ఖలీఫా అయ్యాక ఒకరోజు ఆయన ఇంటి ముంగిట ఖురైష్ పెద్దలు వేచి ఉన్నారు. ఒకప్పటి బానిసలు బిలాల్, సుహైబ్ (రజి)లకు ముందు పిలుపు వచ్చింది. అబూ సుఫ్యాన్ (రజి) నొచ్చుకున్నారు. కోపమొస్తే మీమీదే తెచ్చుకోండి, పిలుపు వారికీ వచ్చింది మనకూ వచ్చింది, వారు పరుగెత్తారు మనం ఆలస్యం చేశామని సుహైల్ (రజి) సర్దిచెప్పారు. పోగొట్టుకున్నదాన్ని సరిహద్దుల్లోనే రాబట్టుకోవాలని నిశ్చయించుకుని ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకుని సిరియా దండయాత్రకు తరలిపోయారు. మళ్లీ మక్కాకు తిరిగి రాలేదు. యర్మూక్‌లో అమరులయ్యారని కొందరు రాశారు. హిజ్రీ 18లో (క్రీ.శ. 639) వచ్చిన అమవాస్ ప్లేగులో మరణించారన్నది ఎక్కువమంది మాట. సంకెళ్లు తొడిగిన తండ్రి, తొడిగించుకున్న కొడుకు అబూ జందల్ (రజి), ఇద్దరూ సిరియా మట్టిలోనే కలిసిపోయారు.

అంత పెద్ద కుటుంబంలో మదీనాకు తిరిగి వచ్చింది మనుమరాలు ఫాఖితా. అదే దండయాత్రలో తండ్రి హారిస్ బిన్ హిషామ్ (రజి)ని పోగొట్టుకుని అబ్దుర్రహ్మాన్ అనే కుర్రవాడూ తిరిగి వచ్చాడు. దిక్కులేకుండా మిగిలిన ఆ ఇద్దరికీ ఉమర్ (రజి) దగ్గరుండి నికాహ్ చేయించి, ఇల్లు కట్టుకోవడానికి విశాలమైన స్థలం ఇచ్చారు. వారి కొడుకు అబూ బకర్ బిన్ అబ్దుర్రహ్మాన్ మదీనా ఏడుగురు మహా ధర్మశాస్త్రవేత్తలలో ఒకరయ్యారు.